అందరూ ‘కాంప్రమైజ్ అయిపో’ అంటున్నారు, ఎవరు ఏ అర్థంతో అంటున్నారో చెప్పండి

అడిగినవారు: దేవరకొండ ఆడబిడ్డ

అందరికీ నమస్కారం. నాది దేవరకొండ దగ్గర పల్లె, నన్ను ఇచ్చింది కల్వకుర్తి వైపు. ఇంట్లో మిషన్ పెట్టుకుని బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మా ఆయన కరెంటు పని చేస్తాడు. కోర్టు విషయాలు తెలిసినవాళ్లు, ఇలాంటి పరిస్థితి దాటి వచ్చినవాళ్లు ఇక్కడ ఉంటారని రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

మా నాయన 2019లో కాలం చేశాడు. వీలునామా రాయలేదు. ఎనిమిది ఎకరాల భూమి ఉంది. అందులో రెండెకరాలు బత్తాయి తోట, మిగతాదంతా ఖుష్కి (మెట్ట), పత్తి, కంది వేస్తారు. నాకు ఇద్దరన్నలు. అమ్మ చిన్నన్న దగ్గర ఉంటుంది. నాయన పోయాక విరాసత్ (వారసుల పేర్లకు పట్టా మార్పు) చేయించుకునేటప్పుడు నన్ను ఎవరూ పిలవలేదు, భూమి ఇద్దరన్నల పేర్ల మీద చెరిసగం ఎక్కింది. తర్వాత రోడ్డు పక్క భూములకు ధర లేచింది. అన్నలు రెండెకరాలు బేరం పెట్టారు. కొనేవాళ్లు తమ వకీలుకు కాగితాలు చూపిస్తే, ఆడబిడ్డ ఉంది కదా, ఆమె సంతకం లేకుండా బయానా (అడ్వాన్సు) ఇవ్వకండి అన్నాడట. అప్పటి నుంచి మాకు ఫోన్ల మీద ఫోన్లు. నేను సంతకం పెట్టలేదు. భాగం కోసం దావా వేశాను. ఇప్పుడు లోక్ అదాలత్‌లో తెంపుకుందాం అని వెంటపడుతున్నారు.

వచ్చిన ప్రతి ఒక్కరి నోటా ఒకటే మాట, కాంప్రమైజ్. కానీ ఏ ఇద్దరూ ఒకే అర్థంతో అనడం లేదు.

పెద్దన్న, “కాంప్రమైజ్ అయిపో చెల్లే, నిన్ను ఉత్త చేతులతో పంపిస్తమా?” అంటాడు. ఆయన లెక్కలో కాంప్రమైజ్ అంటే పసుపు కుంకుమ కింద ఐదు లక్షలు, ఒక పట్టుచీర తీసుకుని హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టడం. ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెడితే వాళ్లది ఇంకో లెక్క. “నువ్వు రెండెకరాలు అడుగుతున్నవు, వాళ్లు ఏమీ ఇయ్యమంటున్నరు, నడిమిట్ల ఎకరం కాడ తెంపుదాం” అన్నారు. నాకు న్యాయంగా ఎంత వస్తుందో అక్కడ ఎవరూ లెక్క వేయలేదు. అమ్మ ఫోన్ చేస్తే ఏడుపే. “నువ్వే సర్దుకోవాలె బిడ్డా, రేపు నేను పోతే నిన్ను ఈ ఇంటికి ఎవరు పిలుస్తరు?” అంటుంది. అమ్మ చెప్పే కాంప్రమైజ్‌లో నేను తీసుకునేది ఏమీ లేదు, నోరు మూసుకోవడమే. మా వకీలు మాత్రం, రాజీ మెమో వేద్దాం, షరతులు ఏమిటో ఆలోచించుకుని రామ్మా అన్నాడు.

ఇది కాక ఇంకొకటి. బేరం గొడవ జరిగిన రోజు చిన్నన్న నన్ను గట్టుమీద నుంచి నెట్టేశాడు, మోచేతికి దెబ్బ తగిలింది. స్టేషన్‌కు పోతే అక్కడా కాంప్రమైజే. అన్నాచెల్లెళ్ల గొడవ అని చెప్పి తెల్లకాగితం మీద ఇద్దరితో సంతకాలు పెట్టించి పంపేశారు.

మొన్న పెద్దన్న తెచ్చిన కాగితాన్ని ఫొటో తీసుకుని పెట్టుకున్నాను. ‘నా వాటా సొమ్ము నాకు పూర్తిగా ముట్టినది, ఇకమీదట సదరు ఆస్తిపై గానీ ఇతర కుటుంబ ఆస్తులపై గానీ నాకు, నా వారసులకు ఎట్టి హక్కులు లేవు, నా ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చిన హక్కు విడుదల పత్రం’ అని ఉంది. కింద మూడు సర్వే నంబర్లు రాశారు. బత్తాయి తోట నంబరు అందులో లేదు. ఎంత ముట్టిందో రాయాల్సిన చోట చుక్కలు పెట్టి ఖాళీగా వదిలేశారు.

నాకు అన్నలతో పుట్టిల్లు తెంచుకోవాలని లేదు. కోర్టు చుట్టూ తిరగాలని అసలే లేదు. రాజీ పడడానికి సిద్ధమే. కానీ రాజీ అంటే ఏమిటో, రాజీ పేరుతో ఉన్నది వదులుకోవడం ఏమిటో తెలియకుండా సంతకం పెట్టాలంటే చేతులు వణుకుతున్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: నల్గొండ వకీలు గుమస్తా

అమ్మా, నేను నల్గొండలో ఒక వకీలు దగ్గర చాలా ఏళ్లుగా గుమస్తా పని చేస్తున్నాను. నాకు తెలిసింది చెబుతాను, ఆఖరి మాట మాత్రం మీ కాగితాలు చూసిన మీ వకీలుదే.

కోర్టులో రాజీ అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డర్ 3వ రూల్ కింద జరిగేది. దావాలో ఉన్నవాళ్లు ఒప్పుకున్న షరతులు కాగితం మీద ఉండాలి, వాళ్లంతా సంతకాలు చేయాలి, అందులో చట్టానికి విరుద్ధమైనది ఉండకూడదు. జడ్జి దాన్ని రికార్డు చేసి ఆ షరతులతోనే డిక్రీ (కోర్టు తీర్పు కాగితం) ఇస్తారు. మీ వకీలు అన్న రాజీ మెమో ఇదే. అమ్మను చూసుకుంటాం, తర్వాత ఇంకో ఎకరం ఇస్తాం, పండక్కి పిలుస్తాం అని నోటితో ఎన్ని చెప్పినా మెమోలో లేకపోతే డిక్రీలో ఉండవు.

లోక్ అదాలత్‌లో జరిగేది కూడా రాజీయే, కానీ బరువు ఎక్కువ. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం అక్కడ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మోసం జరిగిందనో మరొకటనో చాలా కొద్ది కారణాల మీద హైకోర్టులో రిట్ వేసుకోవాలి తప్ప వేరే దారి లేదు. మంచి సంగతి ఏమిటంటే దావాకు కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి. మీలాంటి భూమి దావాలో లోక్ అదాలత్ బెంచి మీకు ఇష్టం లేని తీర్పు చెప్పడానికి వీల్లేదు. మీరు ఒప్పుకుంటేనే అవార్డు. ఒప్పుకోకపోతే ఫైలు తిరిగి కోర్టుకు పోతుంది, మీ దావా ఎక్కడ ఉందో అక్కడి నుంచి నడుస్తుంది. ఆ రోజు తెంపుకోకపోతే కేసు పోతుంది అని ఎవరన్నా భయపెడితే నమ్మకండి.

ఇప్పుడు మీ వాటా. రాజీకి కూర్చునే ముందు ఇది తెలియకపోతే ఎంత వదులుకుంటున్నారో మీకే తెలియదు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు, ఆ ఏడు సెప్టెంబరు 9 నుంచి అమలు. ఉమ్మడి కుటుంబం ఆస్తిలో బిడ్డకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. పెళ్లి అయినా కాకున్నా ఒకటే. మీ ఎనిమిది ఎకరాలు తాతల నుంచి ఉమ్మడిగా వచ్చినవైతే లెక్క ఇట్లా కడతారు. నాయన బతికుండగానే పంచుకున్నట్టు అనుకుని నాయనకు, ఇద్దరు కొడుకులకు, మీకు నాలుగు భాగాలు, తలా రెండెకరాలు. తర్వాత నాయన రెండెకరాలను మళ్లీ అమ్మకు, మీ ముగ్గురికి పంచితే తలా 20 గుంటలు (అరెకరం). అంటే మీకు 2 ఎకరాల 20 గుంటలు, అన్నలకు తలా అంతే, అమ్మకు 20 గుంటలు. అదే ఈ భూమంతా నాయన సొంతంగా కొన్నదైతే అమ్మతో కలిపి నలుగురికీ తలా రెండెకరాలు. పిత్రార్జితమా, స్వార్జితమా అన్నది పాత పహాణీలు (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డులు), దస్తావేజులు చూసి తేల్చుకోవాలి. ఎట్లా చూసినా మీది రెండెకరాలకు తగ్గదు. విరాసత్ అన్నల పేరు మీద అయింది కాబట్టి మీ హక్కు పోయిందని అనుకోకండి.

పెద్దమనుషులు ఎకరం కాడ తెంపుదాం అన్నారు కదా. మీరు రెండు అడిగారు కాబట్టి ఒకటి అయింది. నాలుగు అడిగి ఉంటే రెండు అయ్యేది. అడిగినదాన్ని సగం చేయడం పంచాయితీలో తొందరగా లేచిపోవడానికి పనికొస్తుంది. వాటా ఎంత అని మొదట రాసుకుని, అక్కడి నుంచి ఎంత తగ్గాలో, దేనికి తగ్గాలో మాట్లాడుకోవాలి.

మీ పెద్దన్న తెచ్చిన కాగితం రాజీ కాదమ్మా, హక్కు విడుదల. దాంట్లో ఇచ్చేది మీరొక్కరే. తోట నంబరు వదిలేసినా, ‘ఇతర కుటుంబ ఆస్తులపై గానీ’ అన్న ముక్క తోటను కూడా లోపలికి లాగుతుంది. సొమ్ము దగ్గర ఖాళీ ఉంటే ఏ అంకె రాసుకున్నా తర్వాత మీరు ఏమీ చేయలేరు. దాని మీద సంతకం చేయకండి. మా దగ్గరికి నిజాం కాలం నాటి ఉర్దూ కాగితాలు అప్పుడప్పుడు వస్తుంటాయి, వాటి మీద రాజీనామా అని ఉంటుంది. పదవి వదులుకోవడం అనుకుంటారు చదివినవాళ్లు. ఇరుపక్షాలూ ఇష్టపడి రాసుకున్న ఒప్పందం అని దాని అర్థం. రాజీ అంటేనే ఇష్టం, సమ్మతి. మీ కాగితంలో ‘ఇష్టపూర్వకంగా’ అని రాసి ఉంది, మీ ఇష్టం మాత్రం ఎవరూ అడగలేదు.

స్టేషన్ సంగతి. క్రిమినల్ కేసుల్లో కొన్నింట్లోనే రాజీ కుదురుతుంది. ఇదివరకు క్రిమినల్ కేసుల పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ చట్టం 320, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 359 సెక్షన్‌లో ఆ పట్టిక ఉంది. చిన్న దెబ్బల కేసును దెబ్బ తిన్నవాళ్లు రాజీ చేసుకోవచ్చు, కొన్నింటికి కోర్టు అనుమతి కావాలి, హత్య, అత్యాచారం లాంటివాటికి రాజీయే లేదు. కోర్టులో అట్లా రాజీ పడితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టు లెక్క. కేసే కట్టకుండా తెల్లకాగితం రాయించుకోవడం అది కాదు. ఆ కాగితం నకలు అడిగి తీసుకోండి, దాంట్లో భూమి మాట ఎక్కడన్నా ఇరికించారేమో చూడండి.

జవాబు: ఒక అన్న, మిర్యాలగూడ

నేను అన్నను కాబట్టి ఆ వైపు మాట కూడా వినండి చెల్లే, కోపం తెచ్చుకోకండి. మా నాయన పోయేసరికి బ్యాంకు అప్పు, బయట అప్పు నా నెత్తిన పడ్డాయి. చెల్లె పెళ్లి అప్పు తీర్చేసరికి నా పిల్లలు ఇంటర్‌కు వచ్చారు. మాకు సాగర్ ఎడమ కాలువ నీళ్లున్నాయి, మీ దేవరకొండ వైపు అంతా బోర్ల మీదే. బోరు వేసి నీళ్లు పడక, ఇంకోటి వేసి, దానికి అప్పు చేసి తోటను బతికించిన అన్నకు, అదే తోట ధర లేచాక చెల్లె వచ్చి సమాన భాగం అంటే గుండె కలుక్కుమంటుంది. చట్టం సమానం అంటుంది, కాదనను. మా చెల్లెకు నేను ఇచ్చాను. కానీ ఇచ్చేముందు నాయన అప్పులు ఎన్ని తీర్చానో ఆమెను కూర్చోబెట్టి చూపించాను, ఆమె తన వాటాలో అంత తగ్గించుకుంది. నా సంతోషం డబ్బు తగ్గినందుకు కాదు, నేను పడ్డ కష్టం ఆమె లెక్కలోకి తీసుకున్నందుకు. మీ అన్నలను కూడా అప్పుల కాగితాలు తెమ్మనండి. ఐదు లక్షలు, పట్టుచీర అనే మాట మాత్రం తప్పు. అది బిడ్డను సాగనంపేటప్పుడు పెట్టే పెట్టుబోత, భూమి వాటా కాదు.

జవాబు: పాలమూరు పిల్ల

అక్కా, మీ అమ్మ మాట చదివి ఏడుపొచ్చింది. మా అమ్మ కూడా అచ్చం అదే అన్నది.

మన ఇళ్లలో సర్దుకుపోవడం అని ఒకటుంది, దాన్నే కాంప్రమైజ్ అని ఇంగ్లీషులో అంటున్నారు ఇప్పుడు. అత్తగారింట్లో సర్దుకో, ఉద్యోగం విషయంలో సర్దుకో, పుట్టింటి ఆస్తి కాడ సర్దుకో. మాట్లాడేటప్పుడు ఒకటి గమనించండి. “మనం రాజీ పడదాం” అన్నవాళ్లతో కూర్చోవచ్చు. “నువ్వు రాజీ పడు” అంటే తాను కదలనని ముందే చెప్పేసినట్టు. నా పెళ్లయిన కొత్తలో నారాయణపేటలో ప్రైవేటు స్కూల్లో చెప్పేదాన్ని. మానేయమన్నారు, మానేశాను. దానికి బదులుగా ఎవరు ఏం తగ్గారు అని నన్ను ఈరోజు అడిగినా చెప్పడానికి ఏమీ లేదు. అది రాజీ అని నేను ఒప్పుకోను.

మా అన్నతో చేసుకున్నది రాజీ. మా భూమి జడ్చర్ల వైపు. నా వాటాకు లోపల ఎకరం పైనే వస్తుంది. కానీ అది అన్న చేను మధ్యలో ఉంది, నాకు దారి లేదు, నేను ఇంత దూరం నుంచి వచ్చి సేద్యం చేసేదీ లేదు. అన్నకేమో చేను ముక్కలు కావడం ఇష్టం లేదు. ఒక నోటుబుక్కు తీసి మధ్యలో గీత గీశాం. ఒకవైపు నేను తగ్గేవి, ఒకవైపు అన్న తగ్గేవి. నేను లోపలి ఎకరం వదిలాను. అన్న ఊరికి ఆనుకుని దారి పక్క ఉన్న 20 గుంటలు నాకు ఇచ్చాడు, హద్దురాళ్లు పాతించాడు, రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టుకున్నాడు. దాన్ని అన్నకే కౌలుకు ఇచ్చాను. ఏటా ఉగాదికి కౌలు పైసలు వదిన చేతుల మీదుగా వస్తాయి. విస్తీర్ణం చూస్తే నాకు తక్కువ వచ్చింది, అయినా నాకు నష్టం అనిపించలేదు, ఎందుకంటే గీతకు రెండు వైపులా రాత ఉంది.

మీ అన్నలతో కూడా అట్లా ఒకసారి రాయించి చూడండి. అన్నల వైపు పేజీ ఖాళీగా ఉంటే మీకే తెలిసిపోతుంది.

పుట్టింటికి పిలవరనే భయం గురించి ఒక్క మాట. సంతకం పెట్టేసిన మా చిన్నమ్మను బతుకమ్మకు రెండేళ్లు పిలిచారు. తర్వాత మానేశారు. సంతకం తిరిగి రాలేదు.

జవాబు: అచ్చంపేట రిటైర్డ్ సారు

అమ్మా, వకీలు గుమస్తా గారు చెప్పినదానికి చేర్చేది ఒకటుంది. నేను సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి, కాబట్టి పెద్ద రాజీల నుంచి చెబుతాను. చిన్న రాజీలు చెడేది కూడా అక్కడే.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర నుంచి నలుగురు, తెలంగాణ నుంచి నలుగురు నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. తెలంగాణ వైపు సంతకం చేసినవారిలో మన పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు గారు ఉన్నారు. తెలంగాణకు ప్రాంతీయ మండలి, మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు, ఇట్లా షరతులన్నీ స్పష్టంగానే రాసుకున్నారు. ఆ నవంబరులో ఏర్పడిన మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. మిగులు నిధుల మీద, ఉద్యోగాల మీద ఫిర్యాదులు పెరిగి పెరిగి 1969 ఉద్యమం దాకా వచ్చింది. ఒప్పుకున్నది చేయకపోతే ఏమిటి అన్న ప్రశ్నకు ఆ కాగితంలో గట్టి జవాబు లేదు. పెద్దమనుషుల మాట మీద నమ్మకమే దానికి పూచీ.

ఇంకొకటి కృష్ణా నీళ్లు. రాష్ట్రాల నీళ్ల తగాదా తీర్చడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చింది. రాష్ట్రం విడిపోయాక 2015లో తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512 అని ఆ నీటి సంవత్సరానికి తాత్కాలికంగా సర్దుబాటు చేసుకున్నారు. ఆ ఏడాదికే అన్నది తర్వాత ఏడాదికీ వచ్చింది, ఆ తర్వాతా వచ్చింది. పరీవాహక ప్రాంతం మనది ఎక్కువ, వాటా తక్కువ అని తెలంగాణ అడుగుతూనే ఉంది. చివరికి రెండు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమని 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విధివిధానాలు ఇచ్చింది. శ్రీశైలం నీళ్లు కళ్ల ముందు పారుతుంటే మా అచ్చంపేట గట్ల మీద రైతు వానకోసం చూస్తాడు. తాత్కాలికం అన్న మాట ఎంత దూరం పోతుందో మాకు బాగా తెలుసు.

మీ రాజీలో ఈ రెండు చోట్ల జాగ్రత్త పడండి. ‘ప్రస్తుతానికి ఎకరం తీసుకో, మిగతాది తర్వాత చూద్దాం’ అంటే ఆ తర్వాత ఏ తేదీ అని రాయించండి. ఫలానా తేదీలోగా డబ్బు ముట్టకపోతే భూమి వాటా ఎట్లా వస్తుందో కూడా ఆ మెమోలోనే ఉండాలి.

జవాబు: సూర్యాపేట టెక్కీ

అక్కా, నేను హైదరాబాద్‌లో సైబర్ సెక్యూరిటీలో పని చేస్తాను. మా ఆఫీసులో కాంప్రమైజ్ అంటే ఒప్పందం కాదు. పాస్‌వర్డో, అకౌంటో, సిస్టమో పరాయివాడి చేతిలో పడిందని అర్థం. ‘అకౌంట్ కాంప్రమైజ్ అయింది’ అని మెసేజ్ వస్తే రాత్రి నిద్ర ఉండదు. అందులో రెండో పక్షం సమ్మతి ఏమీ ఉండదు, మనకు తెలియకుండా జరిగిపోతుంది.

మీ విషయంలో ఈ అర్థం కూడా అక్కరకొస్తుంది. రాజీ మాటలు నడుస్తున్నప్పుడు ఎవరైనా మీ ఆధార్ ఫొటో పంపమన్నా, ఓటీపీ చెప్పమన్నా, వేలిముద్ర ఒకసారి పెట్టిపొమ్మన్నా దేనికో తెలియకుండా ఇవ్వకండి. ఆధార్ బయోమెట్రిక్‌ను ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో లాక్ చేసుకోవచ్చు, కావాల్సినప్పుడు తెరుచుకోవచ్చు. ఖాళీ కాగితాల మీద సంతకం ఎవరికీ వద్దు, చుట్టాలకైనా సరే.

దేవరకొండ ఆడబిడ్డ

అందరికీ చేతులెత్తి దండం. గుమస్తా గారి లెక్క చదివిన తర్వాత పాత పహాణీలు తీయించాను. ఐదున్నర ఎకరాలు తాత పేరు మీద నుంచి ఉమ్మడిగా వస్తున్నట్టు కనిపిస్తోంది. బత్తాయి తోట రెండెకరాలు, పక్కన ఇంకో అరెకరం నాయన కొన్నవి. రెండు లెక్కలూ కలిపి ఎంతవుతుందో మా వకీలు చెబుతానన్నాడు.

మిర్యాలగూడ అన్నా, మీ మాట నాకు గుచ్చుకుంది, మంచికే. పెద్దన్నకు ఫోన్ చేసి, నాయన అప్పులు ఎన్ని తీర్చావో కాగితాలు తీసుకురా, నా వాటాలో తగ్గించుకుంటాను అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఇన్నేండ్లకు ఒకరన్న అడిగిన్రు” అన్నాడు. తోటలో రెండో బోరుకు చేసిన అప్పు ఆయన పేరు మీదనే ఉందట. నాకు తెలియదు. ఆ అప్పులో నా భాగం నేను మోస్తాను.

పాలమూరు చెల్లె చెప్పినట్టు నోటుబుక్కులో గీత గీశాను. నా వైపు ఇవి రాశాను. తోటలో భాగం అడగను, దాని బదులు ఖుష్కిలో ఇస్తే చాలు. రోడ్డు పక్క రెండెకరాల బేరం ఆపను, నా వాటా సొమ్ము చెక్కు రూపంలో రిజిస్ట్రేషన్ రోజే రావాలి. నాయన అప్పుల్లో నా భాగం తగ్గించుకుంటాను. అన్నల వైపు పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. ఈ ఆదివారం పోయి వాళ్ల చేతనే రాయించాలని అనుకుంటున్నాను. చిన్నన్న కూడా ఉండాలని చెప్పాను. మోచెయ్యి సంగతి కూడా ఆ రోజే మాట్లాడతాను. అది భూమితో కలిపి తెంపేది కాదు. తప్పయింది అని ఆయన నా ముందు, అమ్మ ముందు అనాలి.

గుమస్తా గారూ, ఒక్క సందేహం. అమ్మ, నాకేం వద్దు, నా పేరు కలపకండి అంటోంది. అమ్మ లేకుండా మేము ముగ్గురం రాజీ మెమో మీద సంతకాలు చేస్తే సరిపోతుందా?

నల్గొండ వకీలు గుమస్తా

సరిపోదమ్మా. అమ్మకు కూడా వాటా ఉంది, ఆమె లేకుండా చేసుకున్న రాజీ ఆమెను కట్టిపడేయదు. రేపు ఆమె తరఫున ఎవరైనా వచ్చి అడిగితే మళ్లీ మొదటికి వస్తుంది. దావాలో అమ్మను పార్టీగా చేర్చారో లేదో ముందు మీ వకీలును అడగండి, చేర్చకపోతే చేర్చడానికి అర్జీ వేయించండి. ఆమెకు భూమి వద్దనుకుంటే అది ఆమె ఇష్టం, కానీ ఎవరికి ఇస్తుందో, బతికినంతకాలం ఆమె తిండి, మందులు ఎవరు చూస్తారో మెమోలో రాయించండి. అప్పుడు డిక్రీలోకి వస్తుంది. ఇంకొకటి, రాజీలో పెట్టే సర్వే నంబర్లన్నీ దావా షెడ్యూలులో (ఆస్తుల జాబితాలో) ఉన్నవే అయి ఉండాలి. దావాలో లేని భూమిని రాజీలో కలిపితే దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాల్సి వస్తుంది. తోట నంబరు మీ షెడ్యూలులో ఉందో లేదో రేపే చూసుకోండి. డిక్రీ వచ్చాక దాని నకలుతో మ్యుటేషన్‌కు (రికార్డుల్లో పేరు మార్పుకు) పెట్టుకుని మీ పేరు మీద పాసుపుస్తకం వచ్చేదాకా ఫైలు దగ్గర పెట్టుకోండి.